గేదె పేరు మీద తిట్లు

కర్రసాములో నన్ను ఓడించిన మొనగాడు ఈ చుట్టుపక్కల లేడు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి, ఉన్నమాట చెబుతున్నాను. అరవై దాటాక కర్ర పట్టినవాణ్ణి, పట్టిన కొద్దినాళ్ళకే నా ఎదుట నిలబడ్డ వస్తాదులు వరసపెట్టి నేలకూలారు. కొందరు నేను కర్ర ఎత్తగానే కూలారు. ఒకడైతే నేను వీపు గోక్కుందామని చెయ్యి వెనక్కి పెట్టేసరికే కూలిపోయాడు. నా సాములో అంత వేడి ఉండేది.

ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు మా గెడ్డవలస గరిడీ సంగతి చెప్పాలి. గరిడీ అంటే కర్రసాము నేర్పే చోటు. పెద్ద కట్టడమేమీ కాదు. కళ్ళం పక్కన చదును చేసి ఇసక పోసిన జాగా, ఒక మూల హనుమంతుడి పటం, ఇంకో మూల గురువు పోలినాయుడి నులకమంచం. ఆయన చేత్తో నేర్పింది తక్కువ, నోటితో నేర్పింది ఎక్కువ. మంచం మీంచి లేవకుండానే తిట్టేవాడు. ఒక్కో తిట్టులో ఒక్కో పాఠం ఉండేది. "కోడిపెట్టని పట్టుకున్నట్టు నొక్కేస్తన్నావేట్రా, ఎగిరిపోద్దా?" అన్నాడంటే పిడికిలి సడలించమని. "అత్తోరింటికొచ్చిన అల్లుడిలాగ బిర్రబిగుసుకుపోనావు" అన్నాడంటే మోకాళ్ళు వంచమని.

మా గరిడీలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. గురువు తిడుతున్నాడంటే నీ మీద ఇంకా ఆశ పెట్టుకున్నాడన్నమాట. తిట్టడం మానేశాడంటే నిన్ను వదిలేశాడన్నమాట. అందుకే సాయంత్రం ఇంటికెళ్ళినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటూనే "ఈయేళ నాకెన్ని పడినాయో తెలుసా?" అని పెళ్ళాలకి మురిసిపోతూ చెప్పుకునేవారు.

నేను ఆ గరిడీలో చేరింది నా భార్య పోరు పడలేక. ఇంట్లో కూర్చుని కోతలు కొయ్యడం కంటే వీధిలో కర్ర తిప్పడం నయమని ఆవిడ తీర్మానించింది. అదే నెలలో అసిరమ్మ కూడా చేరింది. బస్సులు ఆగేచోట ఇడ్లీ బండి నడుపుకునే మనిషి. వయసు నలభైకి అటూ ఇటూ. వరసకి నాకు కూతురు.

ఆమెకి కర్రతో ఏం పనంటారా? మా ఊళ్ళో గెడ్డమ్మ తల్లి సంబరం జరిగినప్పుడు, అమ్మవారి ఘటాలకి ముందు ఒక మనిషి కర్ర తిప్పుకుంటూ నడవాలి. దాన్ని ముందుకర్ర అంటాం. ఆ హక్కు తాతలనాటి నుంచీ అసిరమ్మ పుట్టింటిది. ఆమె తండ్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మగపిల్లలు లేరు. అల్లుడు ఆటో తోలతాడు. చేతికి కర్ర ఇస్తే హారన్ ఎక్కడుందని వెతికే రకం. ఇక ఆ ముందుకర్ర మా ఇంటికి ఇప్పించండని, ఆమెకి మావ వరసయ్యే తవిటినాయుడు పెద్దల దగ్గర కూర్చున్నాడు. అసిరమ్మ చెంగు దోపుకుని లేచింది.

"మా ఇంటి కర్ర నాను తిప్పుతాను."

తవిటినాయుడు నవ్వాడు. "ఇడ్లీ పిండి తిప్పినట్టనుకున్నావేటే అమ్మీ?"

"నేర్సుకుంటాను మావా. సంబరానికి ఇంకా ఆర్నెల్లున్నాది."

పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని తీర్పు చెప్పారు. బొడ్డురాయి దగ్గర బయల్దేరి, బియ్యం మిల్లు మలుపు తిరిగి, అమ్మవారి గద్దె దాకా కర్ర కింద పడకుండా తిప్పుకుంటూ వస్తే ముందుకర్ర అసిరమ్మ ఇంటిదే. మధ్యలో పడిందా, తవిటినాయుడిది. అదీ ఒప్పందం.

తవిటినాయుడు ఇంటికెళ్ళి, కర్ర తగిలించుకోవడానికి వసారా గోడకి మేకులు కొట్టుకున్నాడు. అసిరమ్మ గరిడీకొచ్చి పోలినాయుడి కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయన పైనుంచి కిందికి చూసి, "నిలబడ్డమే రాదు నీకు" అన్నాడు. ఆ సంగతి చెబితే మంచంలో ఉన్న ఆమె తండ్రి సంతోషంతో ఎడమచేత్తోనే మీసం దువ్వుకున్నాడట.

సరిగ్గా అప్పుడే సర్కారుకి ఒక జబ్బు చేసింది. జబ్బు పేరు ప్రేరణ.

ఏ విద్యయినా కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో మానేస్తున్నారనీ, దానికి కారణం నిరుత్సాహమనీ, నిరుత్సాహానికి కారణం తప్పులు చూపించే గురువులనీ పైన ఎవరో కనిపెట్టారు. కనిపెట్టిన మర్నాటికి ఒక శాఖ పుట్టింది. ప్రారంభదశ శిక్షణార్థుల ప్రేరణ పరిరక్షణ విభాగం. ఆ పేరు ఒక బోర్డు మీద పట్టక మా ఊళ్ళో రెండు బోర్డులు పెట్టారు. గరిడీకి రేకుల షెడ్డు వేశారు, పరుపులు పరిచారు, ఫ్యాన్లు బిగించారు. బదులుగా ఒక్కటే షరతు. ఏ శిక్షణార్థీ నిరుత్సాహపడకూడదు. పడ్డట్టు తెలిస్తే గరిడీకి తాళం.

ప్రేరణాధికారి ప్రభంజనరావుగారు జీపు దిగి, దండ వేయించుకుని, మైకు లేకపోయినా మైకు ముందు నిలబడ్డట్టే నిలబడ్డారు.

"మహాశయులారా! నేటి నుండి ఈ కేంద్రమున తప్పు అను పదము ఉచ్చరింపబడరాదు. దాని స్థానమున ప్రత్యామ్నాయ విజయము అని వ్యవహరింపవలెను."

పోలినాయుడు మంచం మీంచి లేచాడు. "మరి కర్ర జారి కాలి మీద పడితే ఏటనాల బాబూ?"

"అది కర్ర యొక్క స్వేచ్ఛా గమనము."

"నా కాలో?"

"తమ కాలు దానికి ఆతిథ్యమిచ్చినది."

"పోనీ, తిట్టొచ్చా?"

"దూషణ సర్వదా నిషిద్ధము. శిక్షణార్థి ఏమి చేసినను, చేయకున్నను, శభాష్ అని పలుకవలెను."

మర్నాడు అసిరమ్మ కర్ర తిప్పింది. రెండు చుట్లు తిరిగి జారిపడింది. పోలినాయుడు ఆముదం మింగిన మొహంతో "శభాష్" అన్నాడు. మళ్ళీ తిప్పింది. ఈసారి కర్ర ఎగిరి ఫ్యాను రెక్కకి తగిలి దాన్ని వంచేసింది. "శభాష్." ఆమె కర్ర పట్టుకుని నేరుగా మంచం దగ్గరికి వచ్చింది.

"గురువా, నన్నొగ్గేసినావా?"

ఆయన నోరు తెరిచాడు. కిటికీలో ప్రభంజనరావుగారి కళ్ళద్దాలు మెరిశాయి. గురువు నోరు మూసి, మళ్ళీ తెరిచి, నేల చూపులు చూస్తూ "శభాష్" అన్నాడు.

ఆ సాయంత్రం నేను బండి దగ్గరికి వెళితే అసిరమ్మ చట్నీ గిన్నె ముందు పెట్టుకుని ఏడుస్తోంది.

"కర్రెందుకు పడతన్నాదో తెలీదు సిన్నానా. సెప్పేవోడు లేడు. నాలో ఏటీ లేదని గురువుకి తెలిసిపోనాది. మా అయ్యకి ఏటని సెప్పను?"

ఇలా ఏడ్చింది ఆమె ఒక్కతే కాదు. గురువు అందరినీ శభాష్ అంటున్నాడంటే అందరినీ వదిలేశాడని ఊరంతా అర్థం చేసుకుంది. ఒక్కొక్కరే గరిడీకి రావడం మానేశారు. ప్రభంజనరావుగారు ఖాళీ పరుపులు చూసి దీర్ఘంగా ఆలోచించారు.

"ప్రేరణ చాలలేదు. మోతాదు పెంచవలెను."

చప్పట్లు కొట్టడానికి జీపు నిండా మనుషుల్ని దింపారు. ఎవరు కర్ర ముట్టుకున్నా చప్పట్లు. ఎవరు దగ్గినా చప్పట్లు. నేను చెప్పు తెగి కుంటుతూ వస్తుంటే లేచి నిలబడి కొట్టారు. అయినా జనం పెరగలేదు. అప్పుడు వచ్చారు పతన సహాయకులు.

వీళ్ళ ఉద్యోగం పడడం. శిక్షణార్థి ఎదుట ప్రత్యర్థిగా నిలబడి, అతను కర్ర కదిపీ కదపగానే కుప్పకూలి, "ఎంతటి దెబ్బ! ఎంతటి దెబ్బ!" అని మూలగాలి. నాకు కేటాయించినవాడి పేరు ఎర్రినాయుడు. మొదట్లో నేను చెప్పిన మహాయుద్ధాలన్నీ ఇవే. ఒకనాటి పోరు మీరు చూసి ఉండాల్సింది.

"తాతా, ఏ పక్కకి పడమంటావు? నిన్న ఎడంపక్క పడితే జబ్బ పట్టేసినాది."

"నీ ఇష్టం నాయనా. నేనింకా కర్ర మూలనుంచి తియ్యనేలేదు."

"పర్లేదులే. పక్కూళ్ళో కూడా పడాల నాను. బస్సెల్లిపోద్ది." అని శుభ్రంగా దులిపిన పరుపు చూసుకుని పడ్డాడు.

కొన్నాళ్ళకి ఎర్రినాయుడి మొహం వాడిపోయింది. "ఎప్పుడూ నానే పడాలా తాతా? మనిషినన్నాక ఒక్కసారైనా నెగ్గాలని ఉండదా?" అన్నాడు. నిజమే కదా అనిపించి నేనే ఆ మాట అధికారి చెవిన వేశాను. ఆయన చలించిపోయారు.

"పతన వృత్తియందు ఆతడు సైతము ప్రారంభదశలోనే ఉన్నాడు. ఆతని ప్రేరణను ఎవరు పరిరక్షింతురు? ఇకపై పరస్పర పతన విధానము అమలగును. ఇరువురును ఏకకాలమున పడవలెను. ఇరువురును గెలిచినట్లు ప్రకటింపబడుదురు."

అంతే, గరిడీ కళకళలాడింది. పడుకునే పని కాబట్టి మానేసినవాళ్ళంతా తిరిగొచ్చారు. జతలు జతలుగా పరుపుల మీద వాలారు, పైన ఫ్యాన్లు తిరిగాయి. పెళ్ళి భోజనాలయ్యాక విడిదిల్లు ఎలా ఉంటుందో అలా ఉండేది మా వ్యాయామశాల. కొందరు తలగడలు తెచ్చుకున్నారు. ప్రభంజనరావుగారు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంతటి ప్రశాంత ప్రేరణ!"

ఆ షెడ్డులో పడకుండా నిలబడిన మనిషి ఒక్క అసిరమ్మే. ఒక మూల తన పాటికి తాను తిప్పుతోంది. కర్ర పడుతోంది, చప్పట్లు మోగుతున్నాయి, వంగి ఎత్తుతోంది. అరచేతుల్లో బొబ్బలు. సంబరం దగ్గర పడుతోంది.

ఒకరోజు పొద్దున్నే పాల చెంబు పట్టుకుని పోలినాయుడి ఇంటికి వెళ్ళాను. పెరట్లో పశువులసాల నుంచి తిట్లు వినిపించాయి. ఎన్నాళ్ళయిందో విని! నా కళ్ళు చెమర్చాయి. లోపలికి తొంగి చూస్తే పోలినాయుడు గేదె ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఓసి గేదా! మోసెయ్యి రెక్కలాగ లేపుతావేటే? ఎగిరెల్లిపోతావా? మోసెయ్యి డొక్కకి అంటుకోవాల. మణికట్టు తిరగాల!"

గేదె ప్రశాంతంగా నెమరు వేస్తోంది. దాని వెనక అసిరమ్మ. మోచెయ్యి డొక్కకి అంటించి, మణికట్టు తిప్పుతోంది. కర్ర గిర్రున తిరుగుతోంది.

"ఇదేంటి పోలినాయుడా, తాళం పడుతుంది జాగ్రత్త" అన్నాను.

"నా గేదెని నాను తిట్టుకుంటన్నాను బాబూ. ఇది శిక్షణార్థా? అడుగు దాన్ని." మళ్ళీ గేదె వైపు తిరిగాడు. "కళ్ళు కర్ర మీదెందుకే నీకు? ఎవుడెత్తుకుపోతాడు దాన్ని? దారి సూడు, దారి!"

అసిరమ్మ చూపు ఎత్తింది. కర్ర పడలేదు. ఆమె బుగ్గల మీద కన్నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"నన్నొగ్గీలేదు సిన్నానా" అంది.

ఇలాంటి సంగతి మా ఊళ్ళో దాగుతుందా? మర్నాటికి సాల వెనక బారు తీరారు. గేదె వెనక నిలబడి తమ వంతు తిట్టు తిని పోయేవారు. ఊరికే తినకూడదని పచ్చగడ్డి మోపులు తెచ్చేవారు. తిట్లు మాకు, మేత దానికి. గేదె నున్నగా తేలింది. నేనూ సిగ్గు విడిచి అడిగాను. "గురువా, నా తరఫున కూడా గేదెని ఒక మాటనవయ్యా."

ఆయన గేదెని ఎగాదిగా చూసి, "ఈ ముసిలి గేదెకి కర్రెందుకు? నోరు తిప్పితే సాలు, ఎదటోడు పడిపోతాడు" అన్నాడు. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సంగతి జీపు దాకా పాకింది. ప్రభంజనరావుగారు సాలలోకి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గేదె కళ్ళలోకి చాలాసేపు చూశారు.

"దీని నేత్రములందు విషాదము గోచరించుచున్నది."

"పుట్టినకాణ్ణుంచీ దాని మొహం అంతే బాబూ."

"చాలు! ప్రేరణకు జాతిభేదము లేదు. ఈ ప్రాణి కూడా నేటి నుండి మా పరిరక్షణలో ఉన్నది. చప్పట్లు!"

జీపులోంచి దిగిన మనుషులు గేదె చుట్టూ చేరి ఒక్కపెట్టున చప్పట్లు కొట్టారు. అంత గౌరవం అది ఎరగదు. గుంజ పెకిలించుకుని, తాడుతో సహా వీధిలో పడి, ఎదురుగా కనిపించిన గరిడీలోకి దూరింది. పరస్పరం పడి ఉన్నవాళ్ళంతా తలగడలతో సహా లేచి కిటికీల్లోంచి దూకారు. అంత చురుకుదనం ఆ షెడ్డు ఎన్నడూ చూడలేదు. అధికారిగారు రొప్పుతూ వచ్చి, "చూచితిరా, ప్రేరణ ఫలించినది!" అన్నారు.

అప్పట్నుంచి గేదెని తిట్టడం కూడా నిషిద్ధమైపోయింది. కానీ పడవలసిన తిట్లు అప్పటికే పడ్డాయి. అసిరమ్మ ఇడ్లీ బండి దగ్గర తనని తానే తిట్టుకుంటూ గరిటె తిప్పేది. సంబరానికి వారం ముందు నన్ను కళ్ళంలోకి పిలిచింది.

"సిన్నానా, నాతో ఆడు. పడకు. నిలబడు."

నిలబడ్డాను. నా కర్ర ఎప్పుడు పోయిందో నాకు తెలియదు, గడ్డిమేటు మీద దొరికింది. వేళ్ళ కణుపులు వాచి పకోడీల్లా అయ్యాయి. నన్ను ఓడించిన మొనగాడు లేడన్నానే, ఇడ్లీలమ్మే ఆడమనిషి ఓడించలేదని మాత్రం అన్నానా? నా జన్మకి దక్కిన మొదటి అసలైన దెబ్బ అది. వాపు తగ్గేదాకా ఊళ్ళో అందరికీ చూపించుకు తిరిగాను.

సంబరం రోజు వచ్చింది. బొడ్డురాయి దగ్గర డప్పులు మోగుతున్నాయి. ఘటాలు నెత్తికెత్తుకున్నారు. అసిరమ్మ తండ్రిని కుర్చీతో సహా మోసుకొచ్చి మిల్లు అరుగు మీద కూర్చోబెట్టారు. తవిటినాయుడు కొత్త తలపాగా చుట్టుకుని పక్కనే నడవడానికి సిద్ధమయ్యాడు. కర్ర పడితే అక్కడికక్కడే అందుకోవాలి కదా. పోలినాయుడు తన నోటిని తాను నమ్మలేక మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ప్రభంజనరావుగారు పట్టుతాడు ఒకటి తెచ్చారు.

"అమ్మా, ఇది నిరుత్సాహ నిరోధక సూత్రము. దీనితో కర్రను మీ మణికట్టుకు బంధించెదము. కర్ర పతనమైనచో అది బహిరంగ నిరుత్సాహమగును. నా పదవీకాలమున అట్టిది జరుగరాదు."

"బాబూ, కట్టేసిన కర్ర తిప్పినాక మా అయ్య మొహం ఎలాగ సూడను?" అంది అసిరమ్మ. తాడు ఆయన చేతిలోనే పెట్టింది. "ఇది మీరు కట్టుకోండి. జనంలో తప్పిపోతారు."

బయల్దేరింది. మోచెయ్యి డొక్కకి, చూపు దారికి. కర్ర కనబడడం మానేసి గాలిలో చక్రం మాత్రమే మిగిలింది. ఊరంతా వెనకే నడిచింది. బియ్యం మిల్లు మలుపు వచ్చింది. అక్కడ రోడ్డు పల్లం, పొద్దు సరిగ్గా కళ్ళలో కొడుతుంది, మిల్లులోంచి తవుడు ఎగురుతుంది. అరుగు మీద తండ్రి కనిపించాడు. ఆమె చూపు ఒక్క క్షణం అటు పోయింది. కర్ర జారింది.

జారిన కర్ర నేల తాకే లోపల కాలు అడ్డం పెట్టి, పాదంతో పైకి చిమ్మి, తాటిచెట్టంత ఎత్తు లేచిన దాన్ని వెనక్కి చూడకుండా అందుకుని, ఇంకా జోరుగా తిప్పుకుంటూ గద్దె చేరింది అసిరమ్మ. ముందుకర్ర ఆ ఇంటిలోనే ఉండిపోయింది. ఇది తమ శాఖ విజయమని ప్రభంజనరావుగారు పైకి రాసుకున్నారు. మూడో బోర్డు కూడా పెట్టించారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇంతవరకూ చెప్పిందంతా జరిగిందే, గేదెతో సహా. కర్రని కాలితో చిమ్మడం మాత్రం నేను కల్పించింది. మీకు చెప్పేటప్పుడు ఆ కర్రని నేల మీద పడనివ్వడానికి నాకు చేతులు రాలేదు.

పడింది. రాళ్ళ మీద ఠంగుమని పడి, రెండు పొర్లు పొర్లి ఆగింది. డప్పులు ఆగిపోయాయి. చప్పట్లవాళ్ళు అలవాటు కొద్దీ కొట్టబోయి చేతులు గాలిలోనే ఆపేశారు. "స్వేచ్ఛా గమ..." అని మొదలుపెట్టిన అధికారిగారు కూడా మధ్యలో ఊరుకున్నారు. అసిరమ్మ కర్రనే చూస్తూ నిలబడిపోయింది. అరుగు మీద తండ్రి తల దించుకున్నాడు. పోలినాయుడు తువ్వాలు విప్పుతున్నాడు గానీ, అంతకంటే ముందే ఒక గొంతు లేచింది.

"ఉయ్యాల్లో పిల్లని సూసినట్టు సూస్తావేటే దాన్ని? ఎత్తు! ఘటాలోళ్ళ మెడలు ఇరిగిపోతన్నాయక్కడ!"

తవిటినాయుడు! ఎందుకు అరిచాడో ఆయనకే తెలియనట్టు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అసిరమ్మ వంగి కర్ర ఎత్తింది. డప్పులు అందుకున్నాయి. గద్దె దాకా మళ్ళీ జారలేదు.

గద్దె దగ్గర పెద్దలు తవిటినాయుణ్ణే అడిగారు. ఒప్పందం ఆయనతో కాబట్టి ఆయన చెప్పిందే చెల్లుతుంది.

"మిల్లు కాడ కర్ర పడినాదా నాయుడా?"

ఆయన తలపాగా విప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"తవుడు పడినాది నా కళ్ళల్లో. నానేటీ సూల్లేదు" అన్నాడు. తర్వాత అసిరమ్మ వైపు తిరిగి గట్టిగా కసిరాడు. "మలుపులో మోసెయ్యి లేపేసినావు, గాడిదా! వొచ్చే ఏడుకైనా సరిగ్గా నేర్సుకు సావు."